ఎషెరిక్ అడిగిన ప్రశ్న

ఒక అధ్యాపకుని పేరిట ఆయన శిష్యులే పూనుకొని ఏటేటా ఉపన్యాసం జరిపించడం అరుదైన విషయం. ఈ ఏటి బాధ్యత నాకు అప్పగించినందుకు కృతజ్ఞుణ్ని.

ఆ మాస్టారు జీవితమంతా బోధించిన సూక్ష్మజీవశాస్త్రంలో అతి సామాన్యమైన జీవినే ఈనాటి విషయంగా ఎంచుకున్నాను. మన పేగులో నివసించే ఎషెరీషియా కోలై, వాడుకలో ఇ.కోలై. దీని పేరు మనకు రెండు చోట్ల వినబడుతుంది: ఊరి మంచినీళ్లు చెడ్డాయన్న వార్తలో ఒకటి, నోబెల్ బహుమతుల చరిత్రలో రెండోది. ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే జీవి అన్న సంగతి వైద్యులూ జన్యుశాస్త్రజ్ఞులూ చాలాకాలం ఆచరణలో పట్టించుకోలేదు. 1885లో దీన్ని లోకానికి ప్రకటించిన శిశువైద్యుడు దీని గురించి వేసుకున్న ప్రశ్నను ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలలు పక్కన పెట్టాయి. చిత్రమేమిటంటే, ఆ ప్రశ్నకు జవాబు చివరికి ఆ ప్రయోగశాలల్లోనే, దాన్ని వెతకనివారి చేతుల్లోనే దొరికింది. ఆ జవాబు ఏమిటో, అది మన మురుగుకాలవల దాకా ఎలా వస్తుందో మీ ముందుంచడమే నా ఉద్దేశం.

థియోడోర్ ఎషెరిక్ 1857లో బవేరియాలోని అన్స్‌బాఖ్ పట్టణంలో పుట్టారు. ఆయన వైద్యం నేర్చుకున్న కాలంలో యూరప్ నగరాల్లో ఏడాది నిండకుండానే కన్నుమూసే పసిబిడ్డలు లెక్కకు మించి ఉండేవారు. వేసవి విరేచనాలు అందులో పెద్ద కారణం. తల్లిపాలకు దూరమై సీసాపాల మీద పెరిగే బిడ్డలు ముందుగా బలయ్యేవారు. రాబర్ట్ కాఖ్ 1882లో క్షయ బాక్టీరియాను, మరో రెండేళ్లకు కలరా బాక్టీరియాను పట్టి చూపడంతో, ప్రతి రోగానికీ ఒక సూక్ష్మజీవిని వెతికి పట్టుకోవచ్చన్న ఉత్సాహం వైద్యలోకమంతా వ్యాపించింది. ఎషెరిక్ 1884లో నేపుల్స్ వెళ్లి అక్కడి కలరాను కళ్లారా చూసి వచ్చారు. అయితే మ్యూనిక్‌కు తిరిగివచ్చాక ఆయన చేసిన పని ఆ కాలపు పోకడకు ఎదురు. రోగుల్లో శత్రువును వెతకడానికి ముందు, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ పేగులో అసలు ఎవరెవరు కాపురముంటున్నారో లెక్క తీయాలనుకున్నారు.

పుట్టిన బిడ్డ తొలి మలంలో సూక్ష్మజీవులు లేవని ఆయన చూశారు. కొన్ని గంటలకే అవి వచ్చి చేరాయి. పాలు తాగడం మొదలయ్యాక ఆ జనాభా తీరు మారింది. అందులో తరచుగా కనబడిన ఒక చిన్న కడ్డీ ఆకారపు జీవికి బాక్టీరియం కోలై కమ్యూన్ అని పేరు పెట్టి 1885లో ప్రకటించారు. మరుసటి ఏడాది శిశువుల పేగుల్లోని బాక్టీరియాల మీద, జీర్ణక్రియతో వాటికున్న సంబంధం మీద పూర్తి గ్రంథమే వెలువరించారు. ఈ కోలై నిరపాయమైన నివాసి అని ఆయనకు తోచింది. తరువాతి ఏళ్లలో పిల్లల మూత్రాశయ వ్యాధుల్లో అదే జీవి ఎదురుపడింది. ఒకే జీవి పేగులో పొరుగువాడిలా మసలి, అడుగు అవతల శత్రువు ఎలా అవుతుంది? అది ఒకటేనా, ఒకే రూపంలో ఉన్న పలు జీవులా? ఎషెరిక్ ప్రశ్న ఇది. ఆయన గ్రాజ్‌లోనూ ఆపై వియన్నాలోనూ శిశువైద్యాచార్యులుగా పనిచేసి, తల్లిపాల కోసం, శిశుసంరక్షణ కోసం ఉద్యమించి 1911లో మరణించారు. 1919లో ఈ ప్రజాతికి ఆయన పేరు పెట్టారు. ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ జీవి సంగతి కొంత చెప్పుకోవాలి. రెండు మైక్రోమీటర్ల పొడవు. అంటే ఐదువందలు వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ప్రాణవాయువు ఉన్నా బతుకుతుంది, లేకున్నా బతుకుతుంది. ఈ గుణమే దానికి పసిబిడ్డ పేగులో తొలి ప్రవేశం ఇస్తుంది: ముందుగా చేరి అక్కడి కొద్దిపాటి ఆక్సిజన్‌ను వాడేసి, ఆక్సిజన్ సోకితే చచ్చే అసంఖ్యాక జీవులకు చోటు సిద్ధం చేస్తుంది. పెద్దవారి పేగులో దాని వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. మన కడుపులోని బాక్టీరియా అంటే ఇ.కోలై అని అనుకోవడం పాఠ్యపుస్తకాలు మిగిల్చిన అపోహ. పుష్టికరమైన మాధ్యమంలో ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ఇక్కడ ఒక వింత ఉంది. దాని డి.ఎన్.ఎ. మొత్తం ఒకసారి నకలు కావడానికి దాదాపు నలభై నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలకోసారి విభజన చెందే కణం నలభై నిమిషాల పనిని ఎలా ముగిస్తుంది? కూపర్, హెల్మ్‌స్టెటర్ 1968లో దీని గుట్టు విప్పారు. మొదటి నకలు పూర్తి కాకముందే రెండోది, దాని మీద మూడోది మొదలవుతాయి. తల్లి కణంలోనే మనవరాళ్ల డి.ఎన్.ఎ. నకలు ఆరంభమై ఉంటుందన్నమాట.

ఎషెరిక్ ప్రశ్నకు జవాబు తెలియకపోయినా ఈ జీవి ఉపయోగం మాత్రం ప్రజారోగ్య అధికారులకు వెంటనే తెలిసింది. నీటిలో టైఫాయిడ్ క్రిమిని పట్టడం కష్టం. మనిషి మలంలో ఎప్పుడూ ఉండే కోలైని పట్టడం సులువు. కోలై కనబడితే ఆ నీటిలో మలం కలిసిందని రుజువు. 1892లో ఆస్ట్రియాలో షార్డింగర్ ఈ ఆలోచన చెప్పారు. మరుసటి ఏడాది అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ దానికి పులియబెట్టే గొట్టాల పద్ధతి ఏర్పరిచారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో మాకాంకీ పాలచక్కెర కలిపిన మాధ్యమం తయారుచేశారు. పాలచక్కెరను పులియబెట్టే కోలై అందులో గులాబీ రంగుకు తిరుగుతుంది. టైఫాయిడ్ క్రిమి రంగులేకుండా ఉండిపోతుంది. ఈనాటి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం వంద మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ.కోలై ఒక్కటి కూడా కనబడరాదు. మన గ్రామాల్లో నీళ్లు పోసి ఉంచితే నల్లబడే సీసాల పరీక్ష గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధకులు మంజా, ఆయన సహచరులు 1982లో ప్రకటించినదాని వారసత్వమే. అది పట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టించే ఇతర పేగు బాక్టీరియాలను, ఇ.కోలైని నేరుగా కాదు. ఈ తేడా క్షేత్రస్థాయిలో పనిచేసేవారికి తెలిసి ఉండాలి, ఎందుకంటే సీసా తేటగా ఉంటే నీళ్లు నిరపాయమని రాసేసే అలవాటు ఉంది. పాలచక్కెర సంగతి కూడా గుర్తుంచుకోవాలని మనవి. కథ మళ్లీ దాని దగ్గరికి వస్తుంది.

1922లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక రోగి మలం నుంచి ఒక కోలై తెగను వేరుచేసి కె-12 అని గుర్తు వేసి భద్రపరిచారు. దానికి ఏ ప్రత్యేకతా లేదు. విద్యార్థుల ప్రయోగాలకు పనికొచ్చే నిరపాయమైన నమూనా అంతే. ఇరవై ఏళ్ల తరువాత ఎడ్వర్డ్ టేటమ్ జీవరసాయన పరిశోధనకు దాన్ని ఎత్తుకున్నారు. 1946లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గరికి జాషువా లెడర్‌బర్గ్ అనే ఇరవై ఏళ్ల యువకుడు వచ్చారు. బాక్టీరియాలు రెండుగా చీలడం తప్ప జతకూడవని అప్పటి నమ్మకం. వేర్వేరు పోషకాలు తయారుచేసుకోలేని రెండు లోపభూయిష్ట కె-12 సంతతులను లెడర్‌బర్గ్ కలిపి పెంచారు. ఏ లోపమూ లేని కణాలు పుట్టుకొచ్చాయి. బాక్టీరియాలు జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఇదే సంయుగ్మం. ప్రయోగశాలల్లో అప్పుడున్న కోలై తెగల్లో చాలావాటికి ఈ సామర్థ్యం ఆ పద్ధతిలో బయటపడేది కాదు. కె-12ను ఎన్నుకోవడం అదృష్టం. విజ్ఞానచరిత్రలో ఇంత పెద్ద ఫలితం ఇంత యాదృచ్ఛికమైన ఎంపిక మీద నిలిచిన సందర్భాలు తక్కువ.

లెడర్‌బర్గ్‌కు 1958లో నోబెల్ వచ్చింది. ఆయన భార్య ఎస్తర్ లెడర్‌బర్గ్ పేరు అంతగా వినబడదు, వినబడాలి. కె-12 లోపల ఒక వైరస్ నిద్రాణంగా దాగి ఉందని 1951లో ప్రకటించినది ఆమె. దాని పేరు లామ్డా. బాక్టీరియాను తినే వైరస్‌ను ఫేజ్ అంటారు. సాధారణ ఫేజ్ కణంలో చొరబడి, తన నకళ్లు చేసుకొని, కణాన్ని పగలగొట్టి బయటపడుతుంది. లామ్డా మరో దారి కూడా పట్టగలదు: తన డి.ఎన్.ఎ.ను కణం డి.ఎన్.ఎ.లో అతికించి, తరతరాలు మౌనంగా ఉండిపోతుంది. కణానికి ఆపద వచ్చి డి.ఎన్.ఎ. దెబ్బతిన్నదని తెలిసినప్పుడు మేలుకొని, తన నకళ్లతో బయటికి దూకుతుంది. మునిగే పడవను ముందుగా వదిలిపోయే ప్రయాణికుడి తీరు దానిది. ఈ నిద్రాణ వైరస్ ఆనాడు కేవలం సైద్ధాంతిక కుతూహలానికి సంబంధించిన విషయం. వైద్యులెవరూ దాని వైపు చూడలేదు.

ఇక పాలచక్కెర. పారిస్‌లో జాక్ మోనో నాజీ ఆక్రమణ కాలంలో పరిశోధకుడిగానూ ప్రతిఘటన ఉద్యమకారుడిగానూ బతుకుతూ ఒక చిన్న విషయం గమనించారు. గ్లూకోజ్, పాలచక్కెర రెండూ కలిపి పెడితే ఇ.కోలై ముందు గ్లూకోజ్ అయిపోయేదాకా తిని, కాసేపు ఆగి, ఆ తరువాతే పాలచక్కెర మొదలుపెడుతుంది. ఆ విరామంలో ఏం జరుగుతోంది? పాలచక్కెరను విడగొట్టే ఎంజైమ్ అప్పుడు కొత్తగా తయారవుతోంది. అంటే జన్యువు ఉన్నంత మాత్రాన పనిచేయదు. దానికి ఆజ్ఞ ఉంది. సంయుగ్మాన్ని సాధనంగా చేసుకొని పార్డీ, జాకోబ్, మోనో చేసిన ప్రయోగాలు, 1961లో జాకోబ్, మోనో రాసిన విఖ్యాత వ్యాసం ఆ ఆజ్ఞ స్వరూపాన్ని నిర్ధారించాయి. ఒక ప్రొటీన్ జన్యువు ముందర కూర్చుని దాన్ని నొక్కిపట్టి ఉంచుతుంది. పాలచక్కెర వచ్చి దాన్ని కదిలిస్తే జన్యువు పని మొదలవుతుంది. లామ్డా వైరస్‌ను నిద్రపుచ్చేదీ ఇలాంటి నొక్కుడు ప్రొటీనే అని ఫ్రాన్స్వా జాకోబ్‌కు స్ఫురించడం ఈ కథలో కీలకమైన మలుపు. చక్కెర తినడం, వైరస్ నిద్రపోవడం: పైకి ఏ పోలికా లేని రెండు విషయాల వెనుక ఒకే సూత్రం. 1965 నోబెల్ జాకోబ్, మోనో, ల్వోఫ్‌లకు దక్కింది.

ఆ దశాబ్దాల్లో ఇ.కోలై మీద జరిగినవన్నీ చెప్పాలంటే ఈ సాయంత్రం చాలదు. 1958లో మెసెల్సన్, స్టాల్ డి.ఎన్.ఎ. రెండు పోగులూ విడిపోయి ఎలా నకలవుతాయో చూపింది ఇందులోనే. కార్న్‌బర్గ్ డి.ఎన్.ఎ.ను కూర్చే ఎంజైమ్‌ను వేరుచేసింది ఇందులోనుంచే. 1961లో నైరెన్‌బర్గ్, మత్తై జన్యులిపిలో తొలి పదాన్ని చదివింది ఇ.కోలై కణరసంతోనే, ఆ లిపి పూర్తి కావడంలో మన హరగోబింద్ ఖొరానా పాలు ఎంతో తెలిసిందే. 1978లో మానవ ఇన్సులిన్ తయారుచేయించిందీ ఇ.కోలై చేతనే, 1982 నుంచి అది మందుగా అమ్ముడవుతోంది.

ఇ.కోలైలో నిజమైనది ఏనుగులోనూ నిజమేనన్న భావాన్ని మోనో ఆ రోజుల్లో ప్రచారం చేశారు. మూలసూత్రాల వరకు ఆ ధీమా తప్పు కాదు. కానీ ఏనుగు సంగతి అలా ఉంచి, ప్రయోగశాల ఇ.కోలైలో నిజమైనది పేగులోని ఇ.కోలైలో నిజమా అని అడిగినవారు ఆ రోజుల్లో తక్కువ. కె-12 దశాబ్దాల తరబడి గాజుపాత్రల్లో పెరిగి, పై పొర మీది చక్కెర గొలుసులను పోగొట్టుకుంది. పేగులో స్థిరపడే శక్తి దానికి దాదాపు లేదు. ఈ లోపమే జన్యుఇంజనీరింగుకు దాన్ని భద్రమైన పనిముట్టుగా చేసింది. అదే లోపం వల్ల, పేగులో ఈ జీవి ఎలా బతుకుతుందన్న విషయంలో అది మంచి సాక్షి కాలేకపోయింది. జన్యుశాస్త్రం ఎషెరిక్ పేరును నిత్యం జపిస్తూ ఎషెరిక్ అడిగినదాన్ని మరిచింది.

మరిచిపోనివారు కొందరున్నారు. 1945లో లండన్ వైద్యుడు జాన్ బ్రే పసిబిడ్డల ప్రాణాంతక విరేచనాల వెనుక ఒక ప్రత్యేక కోలై తెగ ఉందని చూపారు. కోపెన్‌హాగన్‌లో కాఫ్‌మన్ తెగలను ఉపరితల గుర్తుల బట్టి వర్గీకరించారు. ఓ157, ఓ104 వంటి అంకెలు అక్కడినుంచి వచ్చినవే. కలకత్తాలో శంభునాథ్ దే చేసిన పని వీటన్నిటికంటే లోతైనది. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని దారాలతో కట్టి, అందులోకి కలరా బాక్టీరియాలను ఎక్కిస్తే రాత్రికి రాత్రి ఆ భాగం నీటితో ఉబ్బిపోతుందని 1953లో చూపారు. అదే పద్ధతితో 1956లో విరేచన రోగుల నుంచి తీసిన కోలై తెగలను పరీక్షించారు. కొన్ని పేగును ఉబ్బించాయి. ఒకే పేరున్న జీవుల్లో కొన్ని మాత్రమే ఎందుకు? 1959లో బాక్టీరియాలను వడకట్టి తీసేసిన ద్రవం ఒక్కటే పేగును నీళ్లతో నింపుతుందని, అంటే కలరా ఒక విషపదార్థం పని అని ఆయన నిరూపించారు. ఆ తరువాత పదేళ్లకు పైబడి, కలకత్తా రోగుల నుంచే తీసిన కోలైలలో కలరా విషానికి అతి దగ్గరి బంధువు బయటపడింది. మన పసివారి నీళ్ల విరేచనాల్లో, పరదేశ యాత్రికుల విరేచనాల్లో దానిది పెద్ద పాత్ర.

దే గారికి జీవితకాలంలో మన దేశపు విజ్ఞాన సంస్థలు చెప్పుకోదగ్గ గౌరవమేదీ ఇవ్వలేదు. ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించినది జాషువా లెడర్‌బర్గ్. 1978లో నోబెల్ సదస్సుకు ఆహ్వానం అందింది. 1985లో మరణించారు. కె-12తో సంయుగ్మాన్ని కనుగొన్న వ్యక్తే కలకత్తా వైద్యుని కుందేలు పేగు ప్రయోగం విలువ గుర్తించడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. రెండు దారులు ఎక్కడో కలుస్తాయని ఆయనకు తెలుసు.

అవి మొదట కలిసింది జపాన్‌లో. యుద్ధానంతరం అక్కడ షిగెల్లా అనే బాక్టీరియా తెచ్చే రక్త విరేచనాల జబ్బు షిగెల్లోసిస్ ప్రబలింది. మొదట సల్ఫా మందులు వాడారు. బాక్టీరియాలు ఫోలిక్ ఆమ్లాన్ని స్వయంగా తయారుచేసుకోవాలి. మనం ఆహారం నుంచి తీసుకుంటాం. సల్ఫా మందు ఆ తయారీని ఆపుతుంది, అందుకే అది బాక్టీరియాను పెరగనివ్వకుండా ఆపి మనను వదిలేస్తుంది. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, సంశ్లేషించి మానవాళికి అందించిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకులు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు ఇద్దరు అన్నదమ్ములను పేగు జబ్బు స్ప్రూ పొట్టన పెట్టుకుంది. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకు మందైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాల నుంచే, ఆయన కన్నుమూసిన 1948లోనే ప్రపంచానికి తెలిసింది. 1950ల నడుమ జపాన్ షిగెల్లాలలో సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒక్కసారిగా లొంగనివి కనబడ్డాయి. నాలుగు ఉత్పరివర్తనాలు ఒకే కణంలో ఒకేసారి రావడం అసంభవం. ఒకే రోగి పేగులోని ఇ.కోలైకీ అదే నిరోధకత ఉందని తేలింది. 1959లో ఒచియాయ్, అకిబా బృందాలు నిగ్గు తేల్చాయి: నిరోధక జన్యువులు నాలుగూ ఒకే ప్లాస్మిడ్ (కణపు ప్రధాన డి.ఎన్.ఎ.కు విడిగా ఉండే చిన్న డి.ఎన్.ఎ. వలయం) మీద మూటగా ఉండి, సంయుగ్మం ద్వారా ఇ.కోలై నుంచి షిగెల్లాకూ షిగెల్లా నుంచి ఇ.కోలైకీ దాటుతున్నాయి. యేల్‌లో 1946లో కుతూహలం కోసం చూసిన దృశ్యం టోక్యో ఆసుపత్రుల్లో రోగుల ప్రాణాల మీదికి వచ్చింది.

రెండో కలయిక ఇంకా కఠినమైనది. 1982లో అమెరికాలోని ఆరెగాన్, మిషిగన్ రాష్ట్రాల్లో సరిగా ఉడకని మాంసపు బర్గర్లు తిన్నవారికి తీవ్రమైన రక్త విరేచనాలు పట్టుకున్నాయి. కారణం ఓ157:హెచ్7 అనే ఇ.కోలై తెగ. పిల్లల్లో అది మూత్రపిండాలను పాడుచేయగలదు. దాని విషం షిగెల్లా విషం వంటిదే. కణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది, మూత్రపిండపు సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పశువుల పేగులో అది ఏ హానీ చేయకుండా ఉంటుంది. ఆ విషపు జన్యువు ఎక్కడుందని వెతికితే, కణం డి.ఎన్.ఎ.లో అతుక్కుని నిద్రపోతున్న ఫేజ్‌లో ఉంది. అది లామ్డా కుటుంబానికి చెందినది. ఎస్తర్ లెడర్‌బర్గ్ 1951లో చూపిన నిద్ర, జాకోబ్ వివరించిన నొక్కుడు, డి.ఎన్.ఎ. దెబ్బతింటే మేలుకోవడం, అన్నీ ఇక్కడ అక్షరాలా వర్తిస్తాయి. డి.ఎన్.ఎ.ను దెబ్బతీసే కొన్ని యాంటీబయాటిక్‌లు ఆ ఫేజ్‌ను మేల్కొలిపి విషాన్ని పెంచగలవు. అందుకే ఈ జబ్బులో యాంటీబయాటిక్ ఇవ్వడానికి వైద్యులు వెనుకాడతారు. రోగి మంచం పక్కన తీసుకునే ఈ నిర్ణయం వెనుక పారిస్‌లో చక్కెర తినే బాక్టీరియా మీద జరిగిన చర్చ ఉంది.

2011 వేసవిలో ఉత్తర జర్మనీలో ఓ104:హెచ్4 విజృంభించింది. మొదట స్పెయిన్ దోసకాయలను నిందించారు. వేలాది రైతులు నష్టపోయారు. చివరికి దోషి మెంతి మొలకలు, ఈజిప్ట్ నుంచి దిగుమతైన మెంతుల నుంచి మొలిచినవి, అని తేలింది. దాదాపు నాలుగువేల మంది జబ్బుపడ్డారు. ఎనిమిది వందల మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తెగ పేగుగోడకు గుంపులుగా అతుక్కునే ఒక పాత విరేచన కోలై. దాని మీద విషపు ఫేజ్ కొత్తగా వచ్చి చేరింది. వేర్వేరు చోట్ల ఉన్న రెండు గుణాలు ఒక కణంలో కలిశాయి, అంతే.

1997లో విస్కాన్సిన్‌లో బ్లాట్నర్ బృందం కె-12 జన్యుపటం పూర్తిచేసింది: 46,39,221 బేస్ జతలు, 4,288 ప్రొటీన్ జన్యువులు. నాలుగేళ్లకు ఓ157 పటం వచ్చింది. కె-12లో లేని 1,387 జన్యువులు అందులో కనబడ్డాయి. 2002లో మూత్రనాళ వ్యాధి తెగ కూడా చేరాక, ఈ మూడు తెగల ప్రొటీన్లన్నిటినీ ఒక జాబితాగా రాస్తే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి 39 శాతమే. మనం ఒకే పేరుతో పిలిచే జీవుల సంగతి ఇది. ఇక షిగెల్లాలు వంశవృక్షంలో ఇ.కోలై కొమ్మల మధ్యనే మొలిచినవి. వైద్యుల సౌకర్యం కోసమే వేరే పేరుతో కొనసాగుతున్నాయి. అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988లో మొదలుపెట్టిన పన్నెండు ఇ.కోలై సంతతుల ప్రయోగంలో, దాదాపు 31,500 తరాల తరువాత ఒక సంతతి ఆక్సిజన్ సమక్షంలో సిట్రేట్‌ను తినడం నేర్చింది. సిట్రేట్ తినకపోవడం పాఠ్యపుస్తకాల్లో ఇ.కోలైని గుర్తించే లక్షణాల్లో ఒకటి. జాతి లక్షణమని మనం గీసిన గీతను ఆ జీవి మన కళ్ల ముందే ఒక సీసాలో దాటింది.

ఎషెరిక్ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. ఇ.కోలై మంచిదా చెడ్డదా అన్నది జాతి పేరులో లేదు. కొన్ని వేల ఉమ్మడి జన్యువుల చుట్టూ వచ్చిపోయే ఫేజ్‌లు, ప్లాస్మిడ్లు, అరువు తెచ్చుకున్న ఖండాలు దాని నడవడిని నిర్ణయిస్తాయి. మంచి తెగలకు కూడా ఇది వర్తిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో చుట్టూ ఉన్నవారందరికీ విరేచనాలు పట్టుకున్నా తనకు సోకని ఒక సైనికుడి మలం నుంచి 1917లో ఆల్ఫ్రెడ్ నిస్లే తీసిన తెగను జర్మనీలో నేటికీ పేగు జబ్బులకు మందుగా ఇస్తారు. డి.ఎన్.ఎ.ను దెబ్బతీసే కోలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువులు దానిలోనూ ఉన్నాయని తరువాత తెలిసింది. శత్రువుల జాబితా రాసుకుని ఒక్కొక్కరినీ తుడిచేసే పద్ధతి, కాఖ్ కాలం నుంచి మనకు సంక్రమించిన పద్ధతి, ఇటువంటి జీవి దగ్గర సగం దూరమే తీసుకెళ్తుంది. చూడవలసింది రాకపోకలను.

రాకపోకలు ఎక్కడ జరుగుతాయో మనకు దూరంగా వెతకనక్కర్లేదు. 2008లో ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగి మూత్రంలోని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో ఎన్.డి.ఎం-1 నిరోధక జన్యువు మొదట దొరికింది. కార్బపెనెమ్ యాంటీబయాటిక్‌లను కూడా అది నిర్వీర్యం చేస్తుంది. అదే రోగి మలంలోని ఇ.కోలైలోనూ ఆ జన్యువు ఉంది, వేరొక ప్లాస్మిడ్ మీద. హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మనం ఆసుపత్రిలో జాగ్రత్తగా లెక్కపెట్టి ఇచ్చే మందు అక్కడ బయట పారుతుంటే, ఇ.కోలై దాని మధ్యనే మందుకు లొంగకుండా బతకడం నేర్చుకుంటుంది. నేర్చినదాన్ని పొరుగువారికి ఇస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ట్రైసైకిల్ అనే పరిశీలన పద్ధతిని ప్రకటించింది. మనుషులు, కోళ్లు, పరిసరాల నీళ్లు, ఈ మూడింటిలో కొన్ని సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లను విచ్ఛిన్నం చేసే ఇ.కోలై ఎంత ఉందో ఒకే కొలమానంతో చూడటం అందులోని పని. అందుకోసం జన్యుపటాలు చదివే ఖరీదైన యంత్రాలు మొదటి దశలో అవసరం లేదు. సెఫొటాక్సిమ్ అనే సెఫలోస్పోరిన్ కలిపిన మాధ్యమం, కలపని మాధ్యమం, ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, ఏడాది పొడవునా మానకుండా నమూనాలు తెచ్చి లెక్క రాసే ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు. మన జిల్లా కళాశాలల సూక్ష్మజీవశాస్త్ర శాఖల్లో ఈ పరికరాలు ఉన్నాయి; మనుషులూ ఉన్నారు. తాగునీటి ప్రయోగశాలలు ఇ.కోలై ఉందా లేదా అని మాత్రమే రాస్తున్నాయి; ఉన్నదాని స్వభావం ఏమిటో చూడటం వారి పని పరిధిలో లేదు. ఆసుపత్రులు రోగి నమూనాలో నిరోధకతను చూస్తున్నాయి. అది ఏ కాలవ నుంచి వచ్చిందో వారికి అందని విషయం. ఈ రెండు రికార్డులనూ కలిపి చూసే బాధ్యత ఒక కళాశాల శాఖ తీసుకుంటే, ఊరి పక్క మురుగు కలిసే చోటును, కోళ్ల సంతను, ఆసుపత్రి వెనక నాలాను నెలకోసారి పరీక్షిస్తే, రెండు మూడేళ్లలో ఏ దిశనుంచి ఏ జన్యువు వస్తోందో ఈ జిల్లాకు తన సొంత లెక్క ఉంటుంది. నిర్వాహకులు ఈ ప్రతిపాదనను ఈ వేదిక మీదే చర్చకు పెడతామన్నారు. నీటి పరీక్షాకేంద్రం, ఆసుపత్రి ప్రయోగశాల రెండింటి ప్రతినిధులూ సభలో ఉన్నారు కాబట్టి, మొదటి నమూనాలు ఎక్కడినుంచి తీయాలన్నదే ముందుగా తేల్చవలసిన విషయం.